రియేతి లోయలో ఫ్రాన్సీసువారు



డిసెంబరు నెల రాగానే మన విచారణలలో పిల్లలు గడ్డి, వెదురుబద్దలు, రంగు కాగితాలు పోగుచేసి పశువుల పాక కట్టడం మొదలుపెడతారు. ఆ పాకకు ఒక పుట్టిల్లు ఉంది. అది ఇటలీ దేశంలో, రోమాపురికి ఈశాన్యంగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న రియేతి లోయ. వెలీనో అనే నది ఆ లోయ గుండా పారుతుంది. పూర్వం అక్కడ పెద్ద సరస్సు ఉండేది. క్రీస్తుపూర్వం 271లో రోమీయులు కాలువ త్రవ్వి ఆ నీటిని కొండ అంచు నుండి క్రిందికి వదిలేశారు. నీరు పోయిన చోట మంచి పొలాలు తేలాయి. చుట్టూ కొండలు. వాటిలో పెద్దది తెర్మినీల్లో, 2,217 మీటర్ల ఎత్తు.

ఆ కొండల వాలుల మీద నాలుగు పాత ఆశ్రమ దేవాలయాలు ఉన్నాయి. పొజ్జో బుస్తోనే, ఫోంతె కొలోంబో, గ్రేచ్చో, లా ఫోరెస్తా. ఈ నాలుగింటినీ, మధ్యలో ఉన్న రియేతి పట్టణాన్నీ కలుపుతూ అడవుల్లోంచి, పొలాల గట్ల మీదుగా సుమారు 80 కిలోమీటర్ల కాలిబాట ఉంది. యాత్రికులు వీపున సంచి తగిలించుకుని, ఎక్కడ చీకటిపడితే అక్కడ ఆగుతూ నడుస్తారు. ఇటలీవారు దానిని పవిత్ర లోయ అంటారు. అంతటి పేరు రావడానికి కారణం ఒక్క మనిషి, అస్సీసిపుర పునీత ఫ్రాన్సీసువారు.

ఫ్రాన్సీసువారి చరిత్ర మనకు తెలిసిందేనని అనుకుంటాము. బట్టల వర్తకుడు పియెత్రో బెర్నర్దోనే కొడుకు. కులాసా యువకుడు. యుద్ధానికి వెళ్ళి పెరూజియావారి చేతికి చిక్కి సుమారు ఏడాది చెరలో ఉన్నాడు. 1206లో పీఠాధిపతులవారి ఎదుట ఒంటి మీది బట్టలు కూడా విప్పి తండ్రికి ఇచ్చివేశాడు. ఉపదేశం తరగతిలో చెప్పే కథ ఎక్కువగా ఇక్కడే ముగుస్తుంది. కాని ఒక్క మాట ఆలోచించండి. ఆ బట్టలు, ఆ డబ్బు తండ్రివి. తండ్రి సొత్తు వదులుకోవడం కష్టమే, కాదనను. తనదే అయిన దానిని, తన చెమటతో, తన ప్రార్థనతో పెంచిన దానిని వదులుకోవడం అంతకంటె కష్టం. ఆ రెండవ త్యాగంలో చాలా భాగం జరిగింది ఈ లోయలోనే.

మొదట ఆయన ఇక్కడికి వచ్చింది 1208 ప్రాంతంలో, కొద్దిమంది సహోదరులతో. లోయకు ఉత్తరాన కొండకు అంటిపెట్టుకుని ఉన్న ఊరు పొజ్జో బుస్తోనే. ఊరివారు మేలుకునే వేళకు వచ్చి, అందరినీ మంచివారని పిలుస్తూ శుభోదయం చెప్పారట. చిరిగిన అంగీ వేసుకున్న పరాయివాడు తమను మంచివారని పిలవడం వారికి ఎంత వింతగా తోచిందో, నేటికీ అక్టోబరు 4న ఆయన పండుగనాడు ఒకరు డోలు వాయిస్తూ ఇంటింటికీ వెళ్ళి అదే పలకరింపు చెబుతారు. ఊరి పైన, నిటారు దారిలో ఎక్కితే ఒక గుహ వస్తుంది. తన యౌవన పాపాలను తలచుకుని ఫ్రాన్సీసువారు అక్కడ చాలాసేపు విలపించారనీ, సర్వేశ్వరుడు వాటన్నిటినీ క్షమించాడన్న నిశ్చయం అక్కడే కలిగిందనీ సంప్రదాయం. మంచివారని ఊరివారిని పిలిచిన మనిషి తనను మాత్రం పాపిగానే ఎంచుకున్నాడన్నమాట.

తరువాతి పదేళ్ళు త్వరగా చెప్పుకుందాం. 1209లో పన్నెండుమందిగా రోమాపురికి వెళితే మూడవ ఇన్నొసెంటు పోపుగారు వారి జీవన విధానాన్ని నోటిమాటగా ఆమోదించారు. పన్నెండుమంది కొద్ది ఏండ్లలో వేలమంది అయ్యారు. 1219లో ఫ్రాన్సీసువారు ఐగుప్తుకు వెళ్ళి, సిలువ యుద్ధం జరుగుతుండగానే సుల్తాను అల్ కామిల్ ఎదుట నిలబడి క్రీస్తును గూర్చి చెప్పి, క్షేమంగా తిరిగివచ్చారు. తిరిగివచ్చేసరికి రెండు కష్టాలు కాచుకుని ఉన్నాయి. ఒకటి, ఆ దేశంలో పట్టుకున్న కంటిజబ్బు. రెండవది, ఇంటిలోని కలత. 1220లో ఆయన సభ పెద్దరికాన్ని వదిలి, పీటర్ కతానీ అనే సహోదరుని ఆ స్థానంలో నిలిపి, ఆయనకు విధేయుడనని ప్రకటించుకున్నారు. మరుసటి ఏట కతానీ చనిపోగా ఎలియాసు పెద్ద అయ్యాడు.

ఇప్పుడు ఫోంతె కొలోంబోకు రండి. రియేతికి నైరుతిగా, దట్టమైన అడవిలో ఉంది. ఆ పేరుకు పావురాల ఊట అని అర్థం. అక్కడి బండ చీలికలో, 1223లో, ఉపవాసముండి ఫ్రాన్సీసువారు తన సహోదరుల నియమావళి వ్రాయించారు. ప్రక్కన లియో, బొనీజో అనే ఇద్దరే. వ్రాసిన ప్రతిని ఎలియాసుకు అప్పగిస్తే కొద్ది రోజులకు అది పోయిందన్నాడు. ఎలా పోయిందో మీరే ఊహించుకోండి! ఫ్రాన్సీసువారు మళ్ళీ కొండెక్కి మళ్ళీ వ్రాయించారు. నియమం మరీ కఠినంగా ఉంటుందని భయపడి ప్రాంతీయ పెద్దలు ఎలియాసును వెంటబెట్టుకుని అక్కడికి వచ్చారని కూడా చెబుతారు.

ఆ పెద్దలు చెడ్డవారని నేననను. వేలమందికి కూడు, గూడు, చదువు చూడవలసినవారు వారు. పన్నెండుమందికి సరిపోయిన దారి అయిదువేలమందికి సరిపోతుందా అని అడగడం పాపం కాదు. ఏ సంఘం నడిపినా, ఏ కుటుంబం నడిపినా వచ్చే ప్రశ్నే ఇది. అయితే దాని వెల ఎవరు చెల్లించారో చూడండి. ప్రయాణానికి ఏమీ తీసుకుపోవద్దని ప్రభువు శిష్యులకు చెప్పిన సువిశేష వాక్యం ఫ్రాన్సీసువారికి ప్రాణం. మొదటినుండీ ఆయన జీవితమంతా ఆ వాక్యం మీదనే నిలిచింది. 1221 నియమావళిలో అది ఉంది. 1223 నవంబరు 29న మూడవ హొనోరియుసు పోపుగారు ముద్రవేసిన నియమావళిలో లేదు. పెద్దలే దానిని తీసివేయించారని ఆయన తొలి సహచరులు బాధతో వ్రాసిపెట్టారు. ఫ్రాన్సీసువారు ఆ నియమావళిని త్రోసిపుచ్చలేదు, విడిపోయి వేరు సభ పెట్టలేదు. శ్రీసభ ఇచ్చినదిగా దానిని స్వీకరించి, అందరూ పాటించాలని కోరారు.

అటుపై 26 రోజులకు క్రిస్మసు వచ్చింది. లోయకు ఆవలి వైపున గ్రేచ్చో. ఆ ఊరి దొర జొవాన్ని వెలీతా ఆయనకు స్నేహితుడు. రెండు వారాల ముందే ఆయనకు కబురుచేసి, బెత్లెహేములో దివ్యబాలుడు పడిన ఇబ్బందిని కండ్లారా చూడాలని ఉంది, కొండగుహలో గడ్డి, ఎద్దు, గాడిద సిద్ధం చేయమని అడిగారు. ఆ రాత్రి ఊరివారు దివిటీలు పట్టుకుని అడవి దారిన వచ్చారు. అక్కడ మరియమ్మ ప్రతిమ లేదు, యోసేపువారి ప్రతిమ లేదు. తొట్టి ఖాళీగా ఉంది. ఆ తొట్టి మీదనే గురువు దివ్యబలిపూజ అర్పించారు. బాలుడు వచ్చింది దివ్యసత్ప్రసాదంగా. లైట్ల దండలు, మోటారుతో తిరిగే జలపాతాలు పెట్టే మన పాకలు చూసినప్పుడు ఈ ఖాళీ తొట్టి నాకు గుర్తుకువస్తుంది.

ఫ్రాన్సీసువారు గురువు కారు, డీకను మాత్రమే. చాలామందికి ఇది తెలియదు. ఆ రాత్రి సువిశేషం పాడి, ప్రసంగించినది ఆయనే. బెత్లెహేము అనే పేరు పలికేటప్పుడు గొఱ్ఱెపిల్ల అరచినట్లు ఆ స్వరం వినబడిందనీ, యేసు నామం ఉచ్చరించి ఆ తీపిని పెదవుల మీద చప్పరించినట్లు కనబడ్డారనీ తొలి చరిత్రకారుడు చెలానో తోమాసు వ్రాశాడు. నెల తిరగకముందే ప్రాణంలాంటి వాక్యాన్ని పోగొట్టుకున్న మనిషి పాడిన పాట అది. 2019 డిసెంబరు 1న అప్పటి పోపు ఫ్రాన్సిసుగారు గ్రేచ్చోకు వచ్చి, పశువుల పాకను గూర్చిన తమ లేఖ మీద అక్కడే సంతకం చేశారు.

1224లో లా వెర్నా కొండపై ఫ్రాన్సీసువారు ప్రభుని పంచగాయాలు పొందారు. 1225 నాటికి చూపు దాదాపు పోయింది. అప్పుడు పోపుగారి పరివారం రియేతిలో ఉంది. అక్కడి వైద్యుని దగ్గరకు వెళ్ళమని కార్డినల్ హుగోలీనోగారు, ఎలియాసు ఒత్తిడి చేశారు. లోయలోకి ఆయన ఈసారి వచ్చింది వెలుగు సోకకుండా కండ్లకు గుడ్డ కప్పుకుని, పరుల చేయి పట్టుకుని.

మొదట పట్టణం బయట ఒక పేద గురువు ఇంట్లో దిగారు. ఆ చోటే లా ఫోరెస్తా. ఆయనను చూడటానికి జనం విరగబడి వచ్చి, ఆ గురువు ద్రాక్షతోట తొక్కి, పండ్లు తినేశారు. ఏడాది గ్రాసం పోయిందని గురువు నొచ్చుకున్నాడు. విచారణ పండుగ మరునాడు తోటలో మిగిలిన దానిని చూసిన ఏ గురువుకైనా ఆ నొప్పి తెలుస్తుంది. మంచి ఏట ఎంత రసం వస్తుందని ఫ్రాన్సీసువారు అడిగారు. పదమూడు కొలతలన్నాడు. ఇరవై వస్తాయి, జనాన్ని తిట్టవద్దని ఫ్రాన్సీసువారు మాట ఇచ్చారు. ఇరవై వచ్చాయి.

రియేతిలో మరొక సంగతి. అదే కంటిజబ్బుతో ఒక పేదరాలు అదే వైద్యుని దగ్గరకు వచ్చింది. ఆమె ఖర్చు కూడా తానే పెట్టుకోవలసి వస్తున్నదని వైద్యుడు మాటవరుసకు చెప్పాడు. ఫ్రాన్సీసువారు వెంటనే తన పైవస్త్రాన్నీ, పన్నెండు రొట్టెలనూ ఆమెకు పంపించారు. పరుల సొమ్ము అప్పుగా వాడుకున్నాము, తిరిగి ఇస్తున్నామని చెప్పమన్నారు. ఆమె ఎవరో ఎగతాళి చేస్తున్నారనుకుని, నన్ను నా మానాన వదిలిపెట్టమందట!

వైద్యం జరిగింది ఫోంతె కొలోంబోలో. నియమావళి వ్రాసిన కొండ మీదనే. కణత నరాలను కాల్చితే కంటి నుండి కారే నీరు ఆగుతుందని ఆనాటి శాస్త్రం. ఇనుప కడ్డీ నిప్పులో ఎఱ్ఱగా కాలుతున్నది. ఫ్రాన్సీసువారు అగ్నిని సహోదరుడా అని పిలిచి, ఎప్పుడూ నీకు మర్యాద చేశాను, ఈ గడియలో నా మీద దయ చూపమని వేడుకుని, సిలువ గురుతు వేశారు. దగ్గరున్న సహోదరులు చూడలేక పారిపోయారు. చెవి దగ్గర నుండి కనుబొమ దాకా కాల్చారు. తిరిగివచ్చిన సహోదరులను ఆయన మృదువుగా మందలించి, నొప్పి తెలియలేదన్నారు. తరువాత మరొక వైద్యుడు చెవులు రెండూ కాల్చి రంధ్రాలు చేశాడు. ఏ వైద్యమూ పని చేయలేదు. మరి కొందరు వైద్యులు ఇదంతా తగదని ముందే చెప్పారు.

1226లో ఆయనను సియేనాకు, అక్కడినుండి అస్సీసికి మోసుకుపోయారు. అక్టోబరు 3 సాయంకాలం పోర్జుంకులలో, నేల మీద, ప్రాణం విడిచారు. రెండేళ్ళు తిరగకుండానే, 1228 జూలై 16న, హుగోలీనోగారే తొమ్మిదవ గ్రెగోరీ పోపుగా ఆయనను పునీతులుగా ప్రకటించారు.

మీలో ఎవరైనా రోమాపురి యాత్రకు వెళ్ళి, అటునుండి ఈ లోయకు పోగలిగితే, గ్రేచ్చో ఆశ్రమంలో పాక వెలసిన గుహ ఒక్కటే చూసి తిరిగిరాకండి. అక్కడ ఒక పాత పటం ఉంది. రోమాపురి స్త్రీ, ఫ్రాన్సీసువారి స్నేహితురాలు యాకోబమ్మ వేయించిన చిత్రానికి అది నకలని చెబుతారు. అందులో ఫ్రాన్సీసువారు పక్షులతో మాట్లాడటం లేదు, ఆకాశం వంక చూడటం లేదు. చేతిలో తెల్లని గుడ్డతో కన్ను తుడుచుకుంటున్నారు.