గడ్డి పేరులో ఉన్న డాక్టరు

పోయిన వేసవి సెలవుల్లో ఆళ్లగడ్డలో మా ఇంటెనక పెరిగిన పామారోజా గడ్డి కోసి, పాత కుక్కర్లో నీళ్ల పైన జల్లెడ పెట్టి దాని మీద వేశాను. వెయిట్ తీసేసి ఆ గొట్టానికి రాగి ట్యూబు బిగించి, ట్యూబుని చన్నీళ్ల బకెట్లో చుట్టలుగా ముంచాను. రెండు గంటలకి సీసాలో నీళ్ల మీద చెంచాడు నూనె తేలింది. ఇల్లంతా గులాబీ వాసన! అవ్వ మాత్రం గ్యాస్ ఎంత అయిపోయిందిరా అని అడిగింది. (కెమికల్ వాళ్లకి తెలిసిందే. ఇందులోని జెరానియాల్ విడిగా మరగాలంటే 230 డిగ్రీలు కావాలి. ఆవిరితో కలిస్తే 100 లోపే వచ్చేస్తుంది.)

ఈ గడ్డి శాస్త్రీయ నామం సింబోపోగాన్ మార్టిని. దాని పక్కన బ్రాకెట్లో రాక్స్‌బ్. అని ఉంటుంది. నంద్యాల వచ్చాక ఈ రాక్స్‌బ్. ఎవరా అని వెతికితే, మన సామర్లకోటలో కాపురమున్న మనిషి దొరికాడు.

విలియం రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లాండ్‌లో పుట్టాడు. ఎడిన్‌బరోలో జాన్ హోప్ దగ్గర చెట్ల శాస్త్రం నేర్చుకుని, 1776లో మద్రాసులో కంపెనీ డాక్టరుగా చేరాడు. వాన, గాలి, ఎండ లెక్కలు రోజూ రాసుకునే అలవాటు. 1781లో సామర్లకోటకి బదిలీ అయ్యాక వైద్యం కంటే తోట పనే ఎక్కువైనట్టుంది. మిరియాలు, కాఫీ, నీలిమందు, దాల్చిన చెక్క, ఏది దొరికితే అది నాటి చూశాడు.

1787లో కోరంగి తీరాన్ని తుపాను ముంచెత్తింది. ఇంజరంలో అతని పుస్తకాలు, కాగితాలు, ఎండబెట్టి దాచిన మొక్కలు అన్నీ నీళ్లపాలయ్యాయి. బ్యాకప్ లేదు కదా. మనకి ల్యాబ్ రికార్డు ఒక్కటి పోతేనే సెమిస్టర్ పోయినంత పని. ఆయన మళ్లీ ఒకటో మొక్క నుంచి మొదలుపెట్టాడు. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే ఉత్తర సర్కారులో ఘోరమైన కరువొచ్చింది. అప్పుడు కొబ్బరి, తాటి, సగ్గుబియ్యం చెట్లు విరివిగా నాటించమని కంపెనీకి రాశాడు.

స్థానిక చిత్రకారుల్ని పెట్టుకుని ఆయన వేయించిన బొమ్మల్లో 300, 1795 నుంచి కోరమండల్ తీరపు మొక్కల పుస్తకంగా లండన్‌లో అచ్చయ్యాయి. మొక్కలకి లాటిన్‌తో పాటు తెలుగు పేర్లూ రాసుకున్నాడు. అది నాకు భలే నచ్చింది. కానీ ఆ పేర్లు చెప్పిన రైతులకీ బొమ్మలు వేసిన చేతులకీ ఏ బ్రాకెట్లోనూ చోటు లేదు. ఇది మాత్రం నాకు మింగుడు పడలేదు.

1793లో కలకత్తా వృక్షతోటకి అధికారిగా వెళ్లాడు. పామారోజా కథ అక్కడిది. టిప్పు సుల్తాన్‌తో యుద్ధం జరిగేటప్పుడు జనరల్ క్లాడ్ మార్టిన్ బాలాఘాట్ మెట్టల్లో ఈ గడ్డి గింజలు ఏరి లక్నో తీసుకెళ్లాడు. అవి ఆయన ద్వారా రాక్స్‌బర్గ్‌కి చేరాయి. అందుకే పేరులో మార్టిని. ఆ రోజుల్లో కనుమల పైనున్న ప్రాంతమంతా బాలాఘాటే. మన గండికోట, సిద్ధవటం కూడా ఆ లెక్కలోకే వచ్చేవి.

ఆరోగ్యం చెడి 1813లో ఇండియా వదిలాడు. 1815లో ఎడిన్‌బరోలో పోయాడు. ఫ్లోరా ఇండికా అచ్చయింది ఆ తర్వాతే. మొదటి భాగాన్ని 1820లో శ్రీరాంపూర్‌లో విలియం కేరీ తెచ్చాడు. తెలుగు వ్యాకరణం రాసిన కేరీ ఈయనే. మార్టిన్ గమనించిన ఒక సంగతి అందులో ఉంది. పశువులు ఈ గడ్డిని ఎగబడి మేస్తాయట, దాంతో పాలూ వెన్నా కూడా అదే వాసన కొడతాయట.

మా బర్రె మీద ఈ సంగతి తేల్చుకుందామంటే, అవ్వ దాన్ని ఆ మడి దగ్గరికే రానివ్వడం లేదు.