వెనక మూత తీసేసిన ఇంజినీర్: ఫ్రిట్జ్ సెన్‌హైజర్

సెన్‌హైజర్ అంటే చాలామందికి ఒక బ్రాండ్. కానీ అది ఒక మనిషి ఇంటిపేరు. ఏ హెడ్‌ఫోన్ ఏ పాటకి నప్పుతుందో తెలుసుకుందామని చదవడం మొదలుపెట్టి, నేను చివరికి ఈయన జీవితం దగ్గర ఆగాను.

ఫ్రిట్జ్ సెన్‌హైజర్ 1912 మే 9న బెర్లిన్‌లో పుట్టారు. చిన్నప్పుడు ఆయనకి రెండు పిచ్చిలు: ఒకటి మొక్కలు, రెండోది రేడియో. పదకొండేళ్లకే సొంతంగా ఒక రేడియో రిసీవర్ చేసుకున్నారు. అయినా పెద్దయ్యాక తోటలు డిజైన్ చేసే పని చేయాలనే అనుకున్నారు. అప్పటి జర్మనీలో ఆర్థిక పరిస్థితి ఘోరంగా ఉంది, తోటలకి డబ్బు పెట్టేవాళ్లు ఎవరు? అందుకే ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్‌లో చేరారు. మనలో ఎంతమంది ఇలాగే ‘స్కోప్’ చూసుకుని బ్రాంచ్ తీసుకున్నారో వేరే చెప్పక్కర్లేదు.

బెర్లిన్‌లో చదువయ్యాక తన ప్రొఫెసర్ ఆస్కార్ వియర్లింగ్‌తో కలిసి హానోవర్ వెళ్లారు. 1940లో డాక్టరేట్ వచ్చింది. యుద్ధకాలంలో ఆయన పనిచేసిన ఇన్‌స్టిట్యూట్ సందేశాల ఎన్‌క్రిప్షన్ మీద పనిచేసింది. ఎన్‌క్రిప్షన్ మనకి ఒక సబ్జెక్ట్, పరీక్షలో కొన్ని మార్కులు. అక్కడ అది హిట్లర్ ప్రభుత్వం చేస్తున్న యుద్ధంలో భాగం. ఈ ముక్క దాటేసి ఆయన కథ చెప్పడం నాకు సరిగ్గా అనిపించలేదు.

బాంబు దాడుల్లో హానోవర్ నాశనమైంది. ఇన్‌స్టిట్యూట్‌ని దగ్గర్లోని వెనెబోస్టెల్ అనే పల్లెకి మార్చారు. యుద్ధం ముగిసిన కొన్ని వారాలకే, 1945 జూన్‌లో, ఏడుగురు ఇంజినీర్లతో కలిసి ఆయన అక్కడే ఒక ల్యాబ్ పెట్టారు. ఊరి పేరు మీద దానికి ‘ల్యాబ్ డబ్ల్యూ’ అని పేరు. మొదట చేసింది మైకూ కాదు, హెడ్‌ఫోనూ కాదు, వోల్ట్‌మీటర్! దాన్ని సీమెన్స్ కంపెనీ కొన్నది. తర్వాత మైక్రోఫోన్లు మొదలయ్యాయి. 1958లో ల్యాబ్ పేరు తీసేసి తన పేరు పెట్టారు.

అదే ఏడాది అమెరికాలో జాన్ కాస్ స్టీరియో హెడ్‌ఫోన్ తెచ్చారు. అప్పటి హెడ్‌ఫోన్లు సాధారణంగా బరువుగా, చెవిని పూర్తిగా మూసేసేలా ఉండేవి. బయట శబ్దం లోపలికి, లోపలి శబ్దం బయటికి పోకూడదన్నదే లెక్క. కానీ దీంట్లో ఒక చిక్కుంది. డ్రైవర్ ముందుకి ఎంత శబ్దం పంపుతుందో వెనక్కీ అంతే పంపుతుంది. ఆ వెనకది కప్పులో గోడకి తగిలి తిరిగొచ్చి అసలు పాటలో కలుస్తుంది. డబ్బాలో కూర్చుని విన్నట్టుంటుంది.

1968లో సెన్‌హైజర్ కంపెనీ హెచ్‌డి 414 విడుదల చేసింది. వెనక మూత లేదు. చెవికీ డ్రైవర్‌కీ మధ్య పసుపురంగు స్పాంజ్, అంతే. తేలిగ్గా ఉంది, చెవికి గాలి ఆడింది, పాట తల బయట మోగుతున్నట్టు వినిపించింది. అన్నేళ్లుగా మూసి ఉంచడమే నాణ్యత అనుకున్న చోట తెరిచి పెట్టడం చిన్న రిస్క్ కాదు. జనం మాత్రం ఎగబడి కొన్నారు. మొత్తం కోటికి పైగా అమ్ముడయ్యాయి.

ఆ తెరిచిన తలుపుకి లాభమూ ఉంది, ఖర్చూ ఉంది. కొనేముందు ఈ రెండూ తెలియాలి. కర్ణాటక కచేరీ, వీణ, సింఫనీ, జాజ్, పాత మెలోడీలు — గొంతుకీ వాయిద్యానికీ మధ్య ఖాళీ వినిపించాల్సిన సంగీతానికి ఓపెన్ బ్యాక్ బాగుంటుంది. గేమ్‌లో అడుగుల చప్పుడు ఏ దిక్కు నుంచి వస్తోందో పట్టుకోవడానికీ, మిక్సింగ్‌కీ కూడా పనికొస్తుంది. కానీ డీజే బీట్, హిప్‌హాప్, మాస్ పాటల్లో తీన్మార్ దరువు ఇష్టమైతే ఆలోచించండి. ముందు వెనకల గాలి కలిసిపోవడం వల్ల బాగా లోతైన బేస్ తగ్గిపోతుంది. బస్సులో, లైబ్రరీలో అసలు వద్దు. మైక్ ముందు పాడేటప్పుడు కూడా వద్దు, ట్రాక్ మొత్తం లీకై రికార్డింగ్‌లోకి వచ్చేస్తుంది.

ఓపెన్ బ్యాక్ అన్నీ ఒకటే కాదు. హెచ్‌డి 600 గొంతులకి, తీగ వాయిద్యాలకి పేరున్న మోడల్. 2009లో వచ్చిన హెచ్‌డి 800లో డ్రైవర్ 56 మిల్లీమీటర్లు, పెద్ద ఆర్కెస్ట్రాకి దాన్ని మెచ్చుకుంటారు. ఈ రెండింటి ఇంపీడెన్స్ 300 ఓమ్స్. మామూలు ఫోన్‌కి పెడితే సౌండ్ చాలకపోవచ్చు, ఆంప్ కావాలి. బడ్జెట్‌లో దాన్నీ కలుపుకోండి.

1982లో, డెబ్బై ఏళ్లు నిండినప్పుడు, ఫ్రిట్జ్ కంపెనీని కొడుకు యోర్గ్‌కి అప్పగించారు. ఇంజినీర్లకి నచ్చిన ప్రయోగం చేసుకునే స్వేచ్ఛ ఇచ్చేవారని ఆయనకి పేరు. 2010 మే 17న, 98వ పుట్టినరోజు దాటిన ఎనిమిది రోజులకి కన్నుమూశారు.

తోటలు వేద్దామనుకున్న మనిషి ఆయన. స్కోప్ కోసం తీసుకున్న బ్రాంచ్‌లోనే, అందరూ మూసి ఉంచిన దాన్ని తెరిచి చూపించారు. హాస్టల్ రూమ్‌లో ఓపెన్ బ్యాక్ పెట్టుకుంటే మన పాట రూమ్మేట్‌కీ, రూమ్మేట్ గురక మనకీ వినిపిస్తాయి. అది ఒప్పుకుంటేనే కొనండి.