చేతిపనికి చదువు హోదా కూర్చిన విశ్వేశ్వరయ్య

మోక్షగుండం అన్నది ఒక చిన్న గ్రామం. ఆ ఊరి పేరును ఇంటిపేరుగా ధరించిన ఒక తెలుగు కుటుంబం కొన్ని తరాలకు పూర్వం మైసూరు రాజ్యానికి వలసపోయి, నాటి కోలారు జిల్లాలోని ముద్దెనహళ్ళిలో స్థిరపడినది. ఆ కుటుంబంలో 1861 సెప్టెంబరు 15వ తేదీన విశ్వేశ్వరయ్యగారు జన్మించారు. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితుడు, తల్లి వెంకటలక్ష్మమ్మ. ఇంట విద్య కలదు గాని విత్తము లేదు. చిన్ననాడే తండ్రి గతించడంతో ఆ కొద్దిపాటి ఆధారం కూడ సడలిపోయినది.

చిక్కబళ్ళాపురంలో ప్రాథమిక విద్య ముగించుకొని బాలుడు బెంగుళూరు చేరుకున్నాడు. కలవారి పిల్లలకు పాఠాలు చెప్పి, ఆ వచ్చిన దానితో తన చదువు సాగించుకున్నాడు. సెంట్రల్ కాలేజీలో చదివి 1881లో పట్టభద్రుడైనాడు. అంతటితో ఆగిపోవలసిన చదువే అది. మైసూరు ప్రభుత్వం విద్యార్థివేతనం మంజూరు చేయబట్టి పూనా సైన్సు కాలేజీలో ఇంజనీరింగు అభ్యసించే అవకాశం కలిగినది. 1883లో ప్రథముడుగా ఉత్తీర్ణుడై, అనతికాలంలోనే బొంబాయి ప్రభుత్వపు పబ్లిక్ వర్క్స్ శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా కుదురుకున్నాడు. బీద విద్యార్థికి సమయానికి అందిన చిన్న సహాయం ఒక దేశానికి ఎంతటి ఫలాన్ని ఇవ్వగలదో ఆయనకు స్వానుభవం వల్లనే తెలిసినది.

బొంబాయి రాజధానిలో రెండు దశాబ్దాలకు పైగా ఆయన పనిచేశారు. సింధు నదీతీరాన ఉన్న సుక్కూరు పట్టణానికి మంచినీటి సరఫరా ఏర్పాటు చేశారు. పూనా వద్ద ఖడక్‌వాస్లా జలాశయంలో నీరు ఒక మట్టాన్ని మించగానే తమంతట తామే తెరచుకొని, వరద తగ్గగానే తిరిగి మూసుకొనే తలుపులను రూపొందించారు. మనిషి కాపలా లేకుండ నీటి ఒత్తిడే తలుపును నడిపే ఈ సాధనానికి 1903లో పేటెంటు లభించినది. యంత్రశాస్త్రంలోని ఒక సూత్రం పని స్థలంలో ఎట్లా ప్రయోజనకారి కాగలదో చూపడానికి ఈ తలుపులు మంచి ఉదాహరణ.

1908లో ఆయన స్వచ్ఛందంగా ఆ ఉద్యోగం వదిలారు. ఆ ఏడాదే సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదు నగరాన్ని ముంచివేసినది. వేలాది ఇండ్లు కూలినవి, వేలాదిమంది ప్రాణాలు కోల్పోయారు. నిజాం ప్రభుత్వం ఆహ్వానించగా 1909లో విశ్వేశ్వరయ్యగారు హైదరాబాదు వచ్చారు. నగరంలో గోడలు కట్టినంత మాత్రాన వరద ఆగదనీ, నగరానికి ఎగువన మూసీ, ఈసీ నదులపై జలాశయాలు నిర్మించి వరదనీటిని అక్కడనే నిలిపి మెల్లగా వదలాలనీ ఆయన సూచించారు. ఆ ఆలోచన ఫలితంగా 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు పూర్తయినవి. నగరాన్ని వరదనుండి కాపాడడానికి కట్టిన ఆ చెరువులే ప్రజలకు మంచినీరు కూడ అందించినవి.

1909 నవంబరులో ఆయన మైసూరు రాజ్యపు చీఫ్ ఇంజనీరు అయినారు. అప్పటికే ఆ రాజ్యంలో విద్యుచ్ఛక్తి యుగం ప్రారంభమైనది. 1902లోనే కావేరీనదిపై శివసముద్రం జలపాతం వద్ద విద్యుత్తును ఉత్పత్తి చేసి, దాదాపు 150 కిలోమీటర్ల దూరాన ఉన్న కోలారు బంగారు గనులకు తీగలమీద పంపుతూ ఉండిరి. 1905లో బెంగుళూరు వీధులలో విద్యుద్దీపాలు వెలిగినవి. కాని ఒక చిక్కు మిగిలి ఉన్నది. వేసవిలో కావేరి సన్నగిల్లేది. నీరు తగ్గితే టర్బైను తిరగదు. టర్బైను తిరగకపోతే గనులలోని యంత్రాలకు కరెంటు అందదు. వానకాలపు నీటిని నిలిపి ఏడాది పొడుగునా సమంగా వదిలినప్పుడే గనులకిచ్చిన మాట నిలబడుతుంది. కృష్ణరాజసాగరం నిర్మాణానికి ఇది ఒక ముఖ్య కారణం. మండ్య ప్రాంతపు మెట్టభూములకు నీరందించడం రెండవది. 1911లో మొదలైన ఆనకట్ట పని ముగియడానికి సుమారు ఇరవై యేండ్లు పట్టినది. సిమెంటుకు బదులు సున్నం, ఇటుకపొడి కలిపిన సుర్కీతోనే ఆ కట్టడం లేచినది.

1912లో మహారాజు కృష్ణరాజ ఒడయరు ఆయనను దివానుగా నియమించారు. ఆ ఆరేండ్లలో మైసూరు బ్యాంకు, మైసూరు విశ్వవిద్యాలయం, 1917లో బెంగుళూరు ఇంజనీరింగు కాలేజీ వెలసినవి. పరిశ్రమలు కావాలంటే యంత్రాలు తెచ్చుకుంటే చాలదు, వాటిని నడిపే చేతులను కూడ తయారుచేసుకోవాలన్నది ఆయన దృఢ విశ్వాసం.

అయితే ఆయన పాలన వివాదరహితంగా సాగలేదు. ప్రభుత్వోద్యోగాలలో బ్రాహ్మణేతరులకు తగిన స్థానం ప్రత్యేకంగా కల్పించాలని రాజ్యంలో కోరిక బలపడినప్పుడు విశ్వేశ్వరయ్యగారు సమ్మతింపలేదు. యోగ్యత ఒక్కటే కొలతగా ఉండాలని ఆయన పట్టుబట్టారు. మహారాజు ఆ కోరికను మన్నించి 1918లో విచారణ సంఘాన్ని నియమించారు. ఆ ఏడాది చివర విశ్వేశ్వరయ్యగారు దివాను పదవి నుండి వైదొలగారు. అనంతర కాలంలో దేశం నడచినది మహారాజు చూపిన త్రోవనే. యోగ్యతకు మూలం శిక్షణ; ఆ శిక్షణ తరతరాలుగా అందనివారిని యోగ్యత అడగడం న్యాయమా అన్న ప్రశ్నకు ఆనాటి దివాను వద్ద తృప్తికరమైన సమాధానం లేదు.

ఆ సమాధానం వాదంలో కాక, మరి పాతికేండ్లకు, ఒక పాఠశాల రూపంలో కొంతవరకు లభించినదని చెప్పవచ్చు. 1923లో నష్టాలలో మునిగి ఉన్న భద్రావతి ఇనుప కర్మాగారపు బాధ్యతను ఆయన స్వీకరించి కొన్ని సంవత్సరాలలో దానిని నిలబెట్టారు. కర్మాగారంలో ఆయన చూచిన పెద్ద లోపం పట్టాలు పొందినవారి కొరత కాదు. కొలిమి, మోటారు, తీగ, పనిముట్టు తెలిసిన మధ్యస్థాయి పనివారి కొరత. ఆ సేవకు తనకు రావలసిన పారితోషికం లక్ష రూపాయలకు పైబడి ఉండగా, దానిని తాను తీసుకొనక, యువకులకు వృత్తివిద్య నేర్పే సంస్థకు వినియోగించాలని ఆయన కోరారు. 1943లో బెంగుళూరులో ఆ సంస్థ ఏర్పడినది. దానికి ఆయన పేరే పెట్టాలన్న ప్రతిపాదన రాగా ఆయన నిరాకరించి, నాటి మహారాజు జయచామరాజేంద్రుల పేరు సూచించారని చెబుతారు. శ్రీ జయచామరాజేంద్ర ఆక్యుపేషనల్ ఇన్‌స్టిట్యూట్ అన్న పేరు ఆ విధంగా వచ్చినది. తరువాత అది పాలిటెక్నిక్‌గా ప్రసిద్ధమైనది.

సాధారణ వృత్తులతోపాటు ఛాయాగ్రహణం, ధ్వనిముద్రణ వంటి, ఆనాటికి కొత్తవైన విద్యలు కూడ అక్కడ బోధింపబడినవి. ప్రసిద్ధ ఛాయాగ్రాహకుడు వి. కె. మూర్తి అక్కడనే శిక్షణ పొందాడు. భారతదేశంలో తొలి సినిమాస్కోప్ చిత్రంగా పేరొందిన 1959 నాటి 'కాగజ్ కే ఫూల్'లో వెలుగునీడలను తీర్చినది ఆయనే.

ఇదే దృష్టి స్వతంత్ర భారతంలో విస్తరించినది. 1950లో చేతివృత్తుల శిక్షణ పథకం ప్రారంభమై దేశమంతటా ఐ.టి.ఐ.లు నెలకొన్నవి, 1961లో అప్రెంటిస్‌షిప్ చట్టం వచ్చినది. 1955లో భారతరత్న బిరుదం అందుకొని, నూరేండ్లు నిండిన పిదప 1962 ఏప్రిలులో విశ్వేశ్వరయ్యగారు కన్నుమూశారు. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 15ను ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుతున్నారు.

ఆ దినాన పూలమాలలు ఇంజనీరింగు కాలేజీలలో ఎక్కువగా కనిపిస్తాయి. కాని ఆయన తన కష్టార్జితాన్ని ధారపోసినది పాలిటెక్నిక్కుకు. నల్లబంగారు గనుల పట్టణమైన బెల్లంపల్లిలోనూ ఒక ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉన్నది. నేలక్రింద గాలి ఆడించే ఫ్యాను, నీరు తోడే పంపు, బొగ్గు మోసే బెల్టు, అన్నిటికీ ప్రాణం విద్యుచ్ఛక్తియే. ఆ తీగలో లోపం ఎక్కడ ఉన్నదో కనిపెట్టగల విద్యార్థి చేతిలో లోపల దిగినవారి క్షేమం కూడ ఉన్నది. కోలారు గనుల కోసం కావేరిని నిలిపిన మహనీయునికి ఈ సంగతి కొత్తది కాదు. మార్కులు తక్కువ వచ్చిన పిల్లవాడు పోవలసిన చోటుగా వృత్తివిద్యను చూపే పెద్దలు, బీద విద్యార్థిగా మొదలై దివానుగా ఎదిగిన ఆ మనిషి వృద్ధాప్యంలో తన ధనాన్ని ఎక్కడ పెట్టాడో ఒక్కమాటు తలచుకోవలసి ఉన్నది.