మూగబోయిన గొంతుకు మెదడులో కారణం వెతికిన వైద్యుడు పాల్ బ్రోకా

పక్షవాతం సోకిన వ్యక్తికి కుడి చేయి చచ్చుబడి, దానితోపాటు మాట కూడా పడిపోతే, దెబ్బ మెదడు ఎడమ భాగంలో తగిలి ఉంటుందని వైద్యులు ముందుగా అనుమానిస్తారు. నేడు అతి సాధారణంగా కనిపించే ఈ అవగాహన 19వ శతాబ్ది మధ్యకాలం వరకు వైద్యలోకానికి లేదు. వాక్శక్తికి మెదడులోని ఒక నిర్దిష్ట భాగంతో సంబంధం ఉందని రోగుల పరిశీలన ద్వారా చూపి, ఆధునిక నాడీశాస్త్రానికి బాట వేసినవారిలో ఫ్రాన్స్ శస్త్రవైద్యుడు పాల్ బ్రోకా అగ్రగణ్యుడు.

బ్రోకా 1824 జూన్ 28న బోర్డో నగరానికి సమీపంలోని సెంట్ ఫొయ్ లా గ్రాండ్ అనే చిన్న పట్టణంలో ప్రొటెస్టెంట్ కుటుంబంలో జన్మించారు. తండ్రి వైద్యుడు. బ్రోకా 17 ఏళ్ల వయసులోనే పారిస్ వైద్య కళాశాలలో చేరి, శస్త్రవైద్యంలో, శరీర నిర్మాణ శాస్త్రంలో పేరు తెచ్చుకున్నారు. 1859లో పారిస్ మానవశాస్త్ర సమాజాన్ని స్థాపించారు. మనిషి పుట్టుపూర్వోత్తరాల గురించిన చర్చ రాజ్యానికి, మతానికి వ్యతిరేకంగా మళ్లుతుందేమోనని అప్పటి ప్రభుత్వం అనుమానించింది. సమావేశాలకు మామూలు దుస్తుల్లో ఒక పోలీసు అధికారి హాజరవుతాడన్న షరతు మీదనే వాటికి అనుమతి లభించింది.

1861 నాటికి ఆ సమాజంలో ఒక తీవ్ర వివాదం నడుస్తోంది. మెదడు మొత్తం ఒకే అవయవంగా పనిచేస్తుందా, లేక ఒక్కో భాగానికి ఒక్కో విధి ఉందా అన్నది ప్రశ్న. పుర్రెపై మిట్టపల్లాలను తడిమి మనిషి గుణగణాలు చెప్పగలమన్న పూర్వపు వాదం అప్పటికే పరువు పోగొట్టుకుంది. అందువల్ల మెదడు భాగాల గురించి మాట్లాడేవారిని పండితులు శంకించేవారు. వాక్శక్తి నుదుటి వెనుక ఉండే మస్తిష్క భాగంలోనే ఉందని ఎర్నెస్ట్ ఒబుర్తాఁ అనే వైద్యుడు పట్టుబట్టారు. ఆ భాగం చెక్కుచెదరకుండా మాట పోయిన రోగి ఒక్కడు కనిపించినా తన వాదాన్ని విడిచిపెడతానని సవాలు చేశారు.

ఆ సమయంలోనే పారిస్ శివార్లలోని బిసేత్ర్ ఆస్పత్రిలో లెబోర్న్ అనే 51 ఏళ్ల రోగి బ్రోకా చికిత్సకు వచ్చాడు. కుడి కాలు కుళ్లిపోవడంతో అతడిని శస్త్రచికిత్స విభాగానికి తరలించారు. బాల్యం నుంచి మూర్ఛవ్యాధి ఉన్న లెబోర్న్‌కు 30 ఏళ్ల వయసులో మాట పోయింది. ఏది అడిగినా టాన్ అనే శబ్దాన్నే రెండుసార్లు పలికేవాడు. ఆస్పత్రిలో అందరూ అతడిని ఆ పేరుతోనే పిలిచేవారు. కోపం వచ్చినప్పుడు మాత్రం ఒక తిట్టు స్పష్టంగా వెలువడేది. కాలక్రమంలో కుడి చేయి, ఆపై కుడి కాలు పడిపోయాయి.

అయితే బుద్ధి మందగించిన లక్షణాలు బ్రోకాకు కనిపించలేదు. ఆస్పత్రికి వచ్చి ఎన్నేళ్లయిందని అడిగితే, అతడు అయిదు వేళ్లు చాచి నాలుగుసార్లు చూపి, ఆపై ఒక్క వేలు ఎత్తాడు. 21 ఏళ్లు. లెక్క సరిపోయింది. మాట పోవడమంటే తెలివి పోవడం కాదని ఆ చేతివేళ్లు చెప్పాయి.

ఏప్రిల్ 17న లెబోర్న్ మరణించాడు. మరునాడే బ్రోకా అతడి మెదడును సమాజం ముందుంచారు. ఎడమవైపు ముందు భాగంలోని మూడో మడత వద్ద గాయం స్పష్టంగా కనిపించింది. కొద్ది నెలల తర్వాత లెలాఁగ్ అనే 84 ఏళ్ల వృద్ధుడి ఉదంతం తోడైంది. పక్షవాతం అనంతరం అతడి నోట అయిదే మాటలు మిగిలాయి. మరణానంతర పరీక్షలో గాయం దాదాపు అదే చోట ఉన్నట్లు తేలింది.

రెండు ఉదాహరణలతోనే బ్రోకా తీర్పు చెప్పలేదు. ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చిన రోగులందరిలోనూ గాయం ఎడమవైపే ఉండటం ఆయననే ఆశ్చర్యపరిచింది. చూడటానికి ఒకేలా ఉండే రెండు అర్ధగోళాలకు వేర్వేరు పనులు ఉంటాయన్న ఊహ అప్పటి శాస్త్ర ధోరణికి విరుద్ధం. 1865లో ఆయన దానిని వివరంగా ప్రకటించారు. ఓపికగా నేర్పితే కుడి అర్ధగోళం కొంతవరకు ఆ పనిని చేపట్టగలదని కూడా సూచించారు. నేటి వాక్ చికిత్సకు ఆ ఆలోచన దగ్గరి చుట్టం. అయితే ఈ విషయాన్ని దక్షిణ ఫ్రాన్స్ వైద్యుడు మార్క్ దాక్స్ 1836లోనే రాశారని ఆయన కుమారుడు గుస్తావ్ వాదించారు. తండ్రి పత్రం అచ్చులోకి వచ్చింది మాత్రం 1865లోనే. ఆ ఘనత ఎవరిదన్న చర్చ వైద్య చరిత్రకారుల్లో నేటికీ సాగుతోంది.

బ్రోకా జీవితంలో మరో అధ్యాయం కూడా ఉంది. పుర్రెలను కొలిచి, మెదళ్లను తూచి, జాతుల మధ్య, స్త్రీపురుషుల మధ్య మేధోభేదాలను నిరూపించాలని ఆయన ఏళ్ల తరబడి శ్రమించారు. 292 మంది పురుషుల మెదళ్ల సగటు బరువు 1,325 గ్రాములు, 140 మంది స్త్రీల మెదళ్ల సగటు 1,144 గ్రాములు అని లెక్కగట్టారు. శరీర పరిమాణం వల్ల కొంత తేడా వస్తుందని అంగీకరించినా, అది ఎంతో లెక్కించే ప్రయత్నం చేయలేదు. స్త్రీల తెలివి తక్కువన్న ముందస్తు నమ్మకంతోనే ముగించారు. తూకం సరైనదే. దాని నుంచి తీసిన నిర్ణయమే తప్పు. రోగి చేతివేళ్ల లెక్కను అంత శ్రద్ధగా గమనించిన వైద్యుడే తన కాలపు దురభిమానాన్ని శాస్త్రంగా చలామణీ చేశారు. ఆ కొలతలు తర్వాతి తరాల్లో జాతివివక్షకు ఊతమిచ్చాయి.

1880లో ఫ్రాన్స్ సెనేట్‌కు జీవితకాల సభ్యుడిగా ఎన్నికైన బ్రోకా, అదే ఏడాది జూలై 9న 56 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆయన కోయకుండా భద్రపరిచిన లెబోర్న్ మెదడు పరిశోధకులకు ఇప్పటికీ ఉపయోగపడుతోంది. 2007లో లెబోర్న్, లెలాఁగ్ మెదళ్లను ఎంఆర్ఐ ద్వారా పరీక్షించినప్పుడు, గాయాలు పైకి కనిపించినదానికంటే చాలా లోతుగా, నాడీతంతువుల మార్గాల వరకు వ్యాపించినట్లు వెల్లడైంది. వాక్కు ఒక్క చోట కాక, అనేక భాగాలను కలిపే వలయం ద్వారా నడుస్తుందన్నది నేటి అవగాహన. 2023లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, ఏఎల్ఎస్ వ్యాధితో మాట కోల్పోయిన వ్యక్తి మెదడులో ఎలక్ట్రోడ్లు అమర్చి, పలకదలచిన మాటలను నిమిషానికి 62 చొప్పున తెరపైకి తెచ్చారు. బ్రోకా ప్రాంతంలో ఉంచిన ఎలక్ట్రోడ్ల నుంచి మాత్రం ఉపయోగకరమైన సమాచారం దాదాపు అందలేదు. కదలికలను నియంత్రించే పక్క ప్రాంతమే అక్కరకు వచ్చింది.

ఈ అన్వేషణలో హైదరాబాద్‌కూ స్థానం ఉంది. నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో చికిత్స పొందిన 608 మంది పక్షవాత రోగుల వివరాలను విశ్లేషించిన అధ్యయనం 2016లో వెలువడింది. రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు తెలిసినవారిలో 40.5 శాతం మందికి పక్షవాతం అనంతరం ఆలోచనాశక్తి సాధారణంగా ఉండగా, ఒకే భాష తెలిసినవారిలో అది 19.6 శాతమే. కానీ మాట పోయే ముప్పు విషయంలో రెండు వర్గాల మధ్య తేడా కనిపించలేదు. తెలివి, మాట వేర్వేరుగా దెబ్బతినవచ్చని 1861లో ఒక్క రోగి చూపిన సంగతి, ఈ వందల మంది వివరాల్లోనూ మరో రూపంలో కనిపిస్తోంది. ఇంట్లో మాట పడిపోయిన పెద్దలను ఏమీ తెలియనివారిగా భావించే కుటుంబాలు గ్రహించవలసినది కూడా ఇదే.