బ్రదర్ లారెన్స్

బ్రదర్ లారెన్స్ (సుమారు 1614 - ఫిబ్రవరి 12, 1691) 17వ శతాబ్దమునకు చెందిన ఫ్రెంచి క్రైస్తవ భక్తుడు. పారిస్ నగరంలోని ఒక కార్మెలైట్ మఠంలో వంటవాడుగాను, పిమ్మట పాదరక్షలు బాగుచేయువాడుగాను అర్ధశతాబ్దం పాటు సేవ చేశాడు. ఈయన గురుపట్టం పొందలేదు, మఠంలో ఏ అధికార పదవినీ చేపట్టలేదు, తన జీవితకాలంలో ఒక్క గ్రంథమైనా ప్రకటించలేదు. అయినను వినయమందు, నిత్యకృత్యములయందు దైవసేవను దర్శించి ఆనందించిన వ్యక్తిగా కథోలికులు, ప్రొటెస్టంటులు ఉభయులూ ఈయనను గౌరవిస్తారు.

బాల్యము, సైనిక జీవితము

ఈయన అసలు పేరు నికొలా హెర్మన్. లొరేన్ ప్రాంతంలో ల్యూనెవిల్ పట్టణ సమీపమున గల ఎరిమెనిల్ గ్రామంలో సామాన్య కుటుంబంలో జన్మించాడు. పద్దెనిమిదేళ్ళ వయసులో, చలికాలమున ఆకులు రాలి మోడుగా నిలిచిన ఒక చెట్టును చూశాడు. కొద్దికాలంలోనే అది మరల చిగిర్చి, పూచి, కాయగలదన్న తలంపు ఆయన మనసులో దేవుని శక్తిని గూర్చి చెరగని ముద్ర వేసింది.

ముప్పై సంవత్సరాల యుద్ధం (1618 - 1648) జరుగుచున్న కాలంలో సైన్యంలో చేరాడు. జర్మను సైనికులు ఈయనను గూఢచారిగా అనుమానించి పట్టుకొని ఉరితీయబోయారు. నిర్దోషి అని తేలడంతో విడిచిపెట్టారు. 1635లో రాంబెర్విల్లే వద్ద స్వీడను సైనికుల దాడిలో గాయపడ్డాడు. నాటినుండి జీవితాంతం కుంటుతూనే నడిచాడు.

సైన్యం విడిచిన తరువాత కొంతకాలం ఏకాంత తపోజీవనం ప్రయత్నించాడు కాని అందులో స్థిరపడలేకపోయాడు. పారిస్‌లో ఒక ధనాధికారి ఇంట సేవకుడుగా పనిచేశాడు. చేతికందిన వస్తువునెల్లా పగులగొట్టే మోటువాడినని తనను గురించి తానే చెప్పుకునేవాడు.

మఠ ప్రవేశము

1640లో పారిస్‌లోని వొజిరార్ వీధిలో ఉన్న కార్మెలైట్ మఠంలో చేరాడు. 1642లో వ్రతములు స్వీకరించాడు. ఆ సందర్భమున పొందిన నామమే పునరుత్థానపు లారెన్స్. పాండిత్యం లేనందున గురువు కాక, శారీరక శ్రమ చేసే సహోదరుడుగానే ఉండిపోయాడు. తన మొరటుతనానికి ఇక్కడ తగిన శిక్ష లభిస్తుందని తలచి వచ్చినవాడు, తీరా అక్కడ తృప్తిని తప్ప మరేమీ పొందలేదు.

అయితే ఆ తృప్తి వెంటనే లభించినది కాదు. మొదటి పదేళ్ళు తీవ్రమైన అంతర్వేదనను అనుభవించాడు. తన పూర్వ పాపములు ఎదుట నిలిచి, తనకు రక్షణ లేదనే భయం సంవత్సరాల తరబడి బాధించింది. చివరకు, రక్షణ లభించినా లభించకున్నా బ్రతికినంతకాలం దేవుని ప్రేమించి పనిచేయుటయే తన వంతు అని నిశ్చయించుకున్నాడు. ఈ వేదన ఇక ఎన్నటికీ తీరదని అంగీకరించిన తరుణంలోనే అది హఠాత్తుగా తొలగి, శాంతి కలిగింది.

వంటశాలలో సేవ

వంటపని ఆయనకు స్వభావతః ఇష్టం లేనిది. అయినను ఆ పనిలో సుమారు పదిహేనేళ్ళు గడిపాడు. పెనం మీద గుడ్డు అట్టును తిరగవేయడమైనా, నేలమీది గడ్డిపరకను తీయడమైనా దేవుని ప్రేమకొరకే చేసేవాడు. నియమిత ప్రార్థనా సమయానికి, పనివేళకు భేదం లేదని, పాత్రల చప్పుడులో సైతం ప్రార్థనామందిరంలో వలెనే దేవుని సన్నిధి కలదని ఆయన అనుభవం. తప్పు చేసినపుడు దానిని ఒప్పుకొని, దిగులుపడక మరల పనిలో ప్రవేశించేవాడు.

మఠానికి ద్రాక్షారసం కొనుటకై ఒవెర్న్, బర్గండీ ప్రాంతాలకు ఈయనను పంపేవారు. వ్యాపారం తెలియదు, పడవలో కదలాలంటే కుంటికాలితో పీపాలమీద దొర్లవలసి వచ్చేది. ఇది దేవుని పని అని తలచి వెళ్ళేవాడు, పని చక్కగా ముగిసేది. వయసు మీరి కాలి బాధ ఎక్కువైన పిదప పాదరక్షలు కుట్టే పనికి మార్చారు.

రచనలు, ప్రభావము

1666 ఆగస్టులో జోసెఫ్ ద బోఫోర్ అను గురువు ఈయనను కలుసుకొని, సంభాషణల సారాంశం వ్రాసిపెట్టుకున్నాడు. లారెన్స్ మరణానంతరం ఆయన లేఖలను, సూక్తులను 1692లోను, సంభాషణలను, జీవిత విశేషాలను 1694లోను బోఫోరే ప్రకటించాడు. ఇవన్నీ కలిపిన సంపుటం ఆంగ్లంలో ప్రాక్టీస్ ఆఫ్ ద ప్రెజెన్స్ ఆఫ్ గాడ్ అను పేరుతో ప్రసిద్ధమైంది.

ప్రముఖ రచయిత, ఆర్చిబిషప్ ఫెనెలాన్ రోగశయ్యపై ఉన్న లారెన్స్‌ను దర్శించి, తరువాతి కాలంలో తన వాదనలకు ఆయనను ఉదాహరించాడు. 1699లో పోపు ఫెనెలాన్ గ్రంథంలోని 23 ప్రతిపాదనలను ఖండించడంతో లారెన్స్ రచనలకు కూడా ఫ్రెంచి కథోలికులలో ఆదరణ తగ్గింది. ప్రొటెస్టంటులు వాటిని నిలబెట్టారు. పియేర్ పొయిరే వాటిని పునర్ముద్రించగా, మెథడిస్టు ఉద్యమ స్థాపకుడు జాన్ వెస్లీ తన క్రిస్టియన్ లైబ్రరీ గ్రంథమాలలో చేర్చాడు. ఈ విధంగా, చదువు లేదన్న కారణంగా వంటశాలకు పంపబడిన వ్యక్తి లేఖలు మూడు శతాబ్దాలకు పైగా అనేక భాషలలో పాఠకులను పొందుచున్నాయి.