సరోజినీదేవి సేవాదీక్ష

భారత కోకిల యని పేరొందిన సరోజినీదేవిని లోకము కవయిత్రిగను, దేశనాయకురాలిగను ఎరుగును. ఆపదలో చిక్కినవారికి ఆమె చేసిన సేవను ఎరిగినవారు తక్కువ.

సరోజినీదేవి 1879వ సంవత్సరము ఫిబ్రవరి 13వ తేదీన హైదరాబాదు నగరమున జన్మించెను. తండ్రి అఘోరనాథ చట్టోపాధ్యాయుడు వంగదేశమునుండి వచ్చి నిజాము రాజ్యమున విద్యావ్యాప్తికి పాటుపడిన పండితుడు. తల్లి వరదసుందరీదేవి. సరోజిని పండ్రెండవ యేటనే మెట్రిక్యులేషను పరీక్షలో ఉత్తీర్ణురాలయ్యెను. 1895లో ఇంగ్లండునకు పోయి లండనులోను, కేంబ్రిడ్జిలోను చదివెను. కాని ఆమె శరీరము మిక్కిలి దుర్బలము. పట్టము పొందకయే 1898లో స్వదేశమునకు మరలవలసి వచ్చెను. ఆ సంవత్సరమే ఆమె డాక్టరు ముత్యాల గోవిందరాజులు నాయుడుగారిని వివాహమాడెను. ఆ కులాంతర వివాహమును మద్రాసులో కందుకూరి వీరేశలింగము పంతులుగారు జరిపించిరి.

పది సంవత్సరములు గడచెను. 1908 సెప్టెంబరు నెల చివర హైదరాబాదు పరిసరములలో కుంభవృష్టి కురిసెను. మూసీనదికి నీరు చేరవేయు ప్రాంతమున 788 చెరువు లుండగా, వానిలో 221 చెరువులు తెగిపోయెను. ఒక చెరువు నీరు క్రింది చెరువును తెంచగా, ఆ రెండింటి నీరును కలిసి నగరముపై బడెను. సెప్టెంబరు 28వ తేదీన మూసీ గట్లుదాటి, పాతనగరపు ప్రాకారములను, ఆవలిగట్టునున్న పేటలను ముంచివేసెను. వేలకొలది ఇండ్లు కూలెను. సుమారు 15,000 మంది మరణించిరని అంచనా. నదియొడ్డున నున్న అఫ్జల్‌గంజు వైద్యశాలయే వరదపాలయ్యెను. క్షతగాత్రులకు ఆశ్రయము కావలసిన చోటే నాశనమైనది! ఆ యావరణములోని యొక చింతచెట్టుపై కెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను తన భవనముల ద్వారములను నిరాశ్రయులకు తెరిపించెను.

వరద ఒక్క దినములో తీసెను; కష్టములు మాత్రము తీయలేదు. బురదలో కూరుకొనినవారిని వెదకి తీయవలెను. గాయపడినవారిని మోసికొనిపోవలెను. ఆకలిగొన్నవారికి అన్నము, కట్టుబట్ట లేనివారికి వస్త్రము నొసగవలెను. తల్లిని కోల్పోయిన బిడ్డకు ఏమి చెప్పవలెనో తెలియక, సహాయమునకు వచ్చినవారి గుండెలే చెరువులగుచుండును. ఘోషాలోనుండు స్త్రీల స్థితి మరింత జాలిగొలుపునది. వారు పరపురుషుల యెదుటికి వచ్చి చేయి చాపజాలరు. వారి కడకు స్త్రీలే పోవలసియుండెను. అట్టి సమయమున సరోజినీదేవి తన అనారోగ్యమును లెక్కసేయక సహాయ కార్యములకు పూనుకొనెను. ఆమె సేవను గుర్తించి ఆంగ్ల ప్రభుత్వము కైజర్-ఇ-హింద్ పతకము నొసగెను.

1914లో సరోజినీదేవి మరల లండనులో నుండెను. అప్పుడే ప్రథమ ప్రపంచ యుద్ధ మారంభమయ్యెను. దక్షిణాఫ్రికానుండి వచ్చిన గాంధీజీ అచ్చటి భారతీయులతో క్షతగాత్రుల సేవకై అంబులెన్సు దళమును కూర్చెను. సుమారు 80 మంది ఆరువారములు ప్రథమచికిత్స నేర్చిరి. రక్తము నాపుట, విరిగిన యెముకకు కట్టు కట్టుట, గాయపడినవానిని కుదుపు లేకుండ మోయుట మున్నగునవి మంచి మనసుండినంతనే వచ్చు విద్యలు కావు, అభ్యాసముచేతనే అలవడును. ఆ కాలమున లైసియమ్ క్లబ్బు అను మహిళా సంఘము సైనికులకు దుస్తులు కుట్టించుచుండెను. అందు సభ్యురాలైన సరోజినీదేవి కత్తిరించిన గుడ్డల గుట్టను గాంధీజీ ముందుంచి, కుట్టించి తెమ్మని కోరెను. ఆయన సంతోషముతో అంగీకరించి, తన శిక్షణ సాగుచుండగనే మిత్రుల సాయముతో కుట్టించెను. ఈ పనిలో కుదిరిన స్నేహము వారి జీవితాంతము నిలిచెను.

1919లో అమృతసరములోని జలియన్‌వాలాబాగున సైనికులు నిరాయుధులైన ప్రజలను కాల్చి చంపిరి. ఆ ఘోరమునకు నిరసనగా సరోజినీదేవి తన పతకమును తిరిగి యిచ్చివేసెను. జనులను కాపాడినందుకు వచ్చిన బహుమానమును జనులను చంపించిన ప్రభుత్వమునుండి వచ్చినదిగా ఆమె దాచుకొనజాలదయ్యెను. 1925లో ఆమె కాంగ్రెసు మహాసభకు అధ్యక్షురాలయ్యెను. స్వాతంత్ర్యానంతరము సంయుక్త రాష్ట్రములకు గవర్నరై, 1949 మార్చి 2వ తేదీన లక్నోలో పరమపదించెను.

మూసీ వరదల తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సూచనలు ఫలించి, నగరరక్షణకై ఉస్మాన్ సాగరము, హిమాయత్ సాగరము నిర్మింపబడెను. 2005లో హైదరాబాదున 108 అత్యవసర సేవ ప్రారంభమయ్యెను. నేడు పాతనగరపు ఇరుకు వీథులలో ఆ వాహనము మ్రోగుచు వచ్చినపుడు జనులు దారి యిత్తురు. లోపలనున్న రోగి బాధ అందరకును తెలియును. ఒకరి ప్రాణము దక్కినను దక్కకున్నను, కన్నీరు తుడుచుకొని మరియొకరి పిలుపునకు పరుగిడవలసిన సేవకుల బాధ కొందరకే తెలియును. జాలిపడుట తేలిక, ఆ జాలిని చేతలలో పెట్టి, అలసటను, దుఃఖమును ఓర్చి నిలుచుట కష్టము. దుర్బలమైన శరీరముతో సరోజినీదేవి ఆ కష్టమునే కోరి వహించెను.