కోలాచల మల్లినాథసూరి

మెదకు జిల్లాలోని కొల్చారము నేడొక మండల కేంద్రము. పూర్వము దీనిని కొలిచెలమ యనిరి. సంస్కృత గ్రంథములలో ఆ పేరే కోలాచలమైనది. ఈ ఊరి పేరు ఇంటిపేరుగా గల ఒక పండితుని వ్రాతలను చేత బట్టుకొని, ఐదారు వందల యేండ్లుగా దేశమందలి విద్యార్థులు కాళిదాసును చదువుచున్నారు. ఆయన మహామహోపాధ్యాయ మల్లినాథసూరి. రఘువీరచరిత మను కావ్యము ఆయన పేర నున్నను, లోకము ఆయనను కవిగా తలచుకొనుట లేదు. కవులు వ్రాసిన దానిని ఎట్లు చదువవలెనో నేర్పినవానిగా తలచుకొనుచున్నది.

ఆయన 14వ శతాబ్దము చివరను, 15వ శతాబ్దము మొదటను ఉండినవాడు. రాచకొండ సింగభూపాలుని కాలముతోను, విజయనగర దేవరాయల కాలముతోను ఆయన పేరు ముడిపడి యున్నది. ఆ వంశములోనే పూర్వుడైన మరియొక మల్లినాథుడు శతావధానియై, కాకతీయ వీరరుద్రుని చేత సత్కార మందెనని వంశజులు వ్రాసికొనిరి. 1323లో ఓరుగల్లు పడిపోయెను. ఆ మీదట నూరేండ్లు తెలంగాణము వెలమ ప్రభువుల నడుమను, బహమనీ సుల్తానుల నడుమను నలిగినది. రాజాస్థానములు చెదరినప్పుడు పండితులు చెదరుదురు, తాటాకు గ్రంథములును చెదరును. అట్టి కాలమున కూర్చుండి, పాత కావ్యములను పదము పదముగా విప్పి వ్రాయుట సామాన్యమైన పట్టుదల కాదు.

బాల్యమున ఆయన మందబుద్ధి యనియు, ఎదిగిన పిదప అవమానపడి చదువునకు పూనుకొనెననియు జనుల నోట నొక కథ కలదు. కాళిదాసును గూర్చియు ఇట్టి కథయే కలదు. ప్రతి మహాపండితుని వెనుకను ఒక మూఢబాలుడు ఉండవలెనని మనవారి కోరిక కాబోలు. కథ ఎట్లున్నను, ఆయన వ్యాఖ్యలను చూచినవారికి ఒకటి తోచును. చదువు రానివాడు ఎక్కడ ఆగిపోవునో ఆయనకు చక్కగా తెలియును.

ఆనాటి తాటాకులలో మాటకు మాటకు నడుమ ఎడము లేదు. శ్లోకములోని మాటలు సంధులతో ఒకదానినొకటి పెనవేసికొని యుండును. కర్త ఒక పాదమున, క్రియ మరియొక పాదమున నుండును. గురువు లేనివానికి అది ముడివడిన నూలుచిలుప. మల్లినాథుడు మొదట ఆ ముడి విప్పును. ఎవరు, ఎట్టివారు, దేనిని, ఏమి చేసిరి అను వరుసలో మాటలను వచనముగా పేర్చును. పిదప ఒక్కొక్క మాటకు అర్థము, దానికి అమరకోశమో మరియొక నిఘంటువో సాక్ష్యము, అవసరమైన చోట పాణిని సూత్రము, తుదకు అలంకారము చెప్పును. ఆధారము లేని మాట వ్రాయరాదనియు, అక్కరలేని మాట చెప్పరాదనియు ఆయన పెట్టుకొన్న నియమము. రెండవది మొదటి దానికంటె కష్టమైనది. తెలిసినదంతయు చెప్పవలెనను ఆశను చంపుకొన్న పండితులు తక్కువ.

కాళిదాసు రఘువంశ, కుమారసంభవ, మేఘసందేశములకు ఆయన వ్రాసిన వ్యాఖ్య సంజీవని. చెడు వ్యాఖ్యల విషముచే మూర్ఛిల్లిన కవి వాక్కును బ్రతికించునది యని దాని భావము. కుమారసంభవమునకు ఎనిమిది సర్గల వరకే ఆయన వ్యాఖ్య యున్నది. భారవి కిరాతార్జునీయమునకు వ్రాసినది ఘంటాపథము, అనగా గంటలు కట్టిన ఏనుగులు నడచు రాజమార్గము. భారవి మాటను కొబ్బరికాయతో పోల్చి, పగులగొట్టి లోపలి సారమును అందించెదనని పూనుకొన్నవాడు ఆయనయే. మాఘుని శిశుపాలవధకు సర్వంకష, శ్రీహర్షుని నైషధమునకు జీవాతువు, భట్టికావ్యమునకు సర్వపథీన. విద్యాధరుని అలంకారగ్రంథమైన ఏకావళికి తరళ యను వ్యాఖ్య వ్రాసెను. తర్కగ్రంథమును సైతము విడువలేదు. మాఘము, మేఘము చదువుటలోనే ఆయుర్దాయము గడచిపోయినదని ఆయన పేర నొక నానుడి పండితులలో నేటికిని వినబడును.

ఆయన చదువు తీరు తెలియవలెనన్న ఒక లెక్కను చూడవలెను. మేఘసందేశమున శాపగ్రస్తుడైన యక్షుడు రామగిరి మీద ఆషాఢమాసపు మొదటి దినమున మేఘమును చూచెనని కవి చెప్పెను. వెంటనే శ్రావణము సమీపించినదనియు చెప్పెను. మొదటి దినమైనచో శ్రావణమునకు ఇంకను నెల యున్నది గదా యని కొందరు పూర్వవ్యాఖ్యాతలు శంకించి, ఒక్క అక్షరము మార్చి, ఆషాఢపు చివరి దినమని పాఠము దిద్దిరి. మల్లినాథుడు దీనిని ఒప్పుకొనలేదు. ఆషాఢము ప్రక్కనే శ్రావణ మున్నది. నెలకు నెల సమీపము కనుక మొదటి దినమైనను ఆ మాట చెల్లును. ఇంతలో ప్రతిపక్షము వారికి మరియొక ఆయుధము దొరకినది. విష్ణువు శేషశయ్య నుండి లేచు దినమున, అనగా కార్తిక శుద్ధ ఏకాదశి నాడు శాపము తీరును. అంతవరకు మిగిలినవి నాలుగు నెలలని యక్షుడే చెప్పును. ఆషాఢ శుద్ధ పాడ్యమి నుండి లెక్కించినచో నాలుగు నెలల మీద పది దినములు అగును. మల్లినాథుడు ఈ పది దినముల మిగులును దాచలేదు. మీరు చెప్పిన చివరి దినము నుండి లెక్కించినచో ఇరువది దినములు తరుగు వచ్చుచున్నదే, దాని సంగతి యేమని యడిగెను. విరహి నాలుగు నెలలన్నప్పుడు దినములు ఎంచి అనలేదు; స్వల్పమైన తేడాను కవి తలపెట్టలేదు; కావున వ్రాసిన పాఠమును వ్రాసినట్లే ఉంచవలెనని తీర్పు చెప్పెను. లెక్క చేయవలసిన చోట చేసి, కవిని లెక్కతో కట్టివేయరాని చోట ఆగినాడు. పాఠము మనకు కుదరనప్పుడు పాఠమును దిద్దుట సులభము. మన చదువును దిద్దుకొనుటయే కష్టము.

కావ్యములో కవిత్వ మొక్కటే యుండదు. సంగీత ముండును, చిత్రలేఖన ముండును. ఆ కళలు తెలియనివాడు శ్లోకమును సగమే చదువును. అదే కావ్యమున యక్షుని భార్య వీణను ఒడిలో నుంచుకొని, భర్త పేరు గల పాటను ఎత్తి పాడబోవును. కన్నీట తడిసిన తంత్రులను తుడుచుకొనుచు, తాను కట్టిన మూర్ఛననే మరచిపోవును. ఇక్కడ మల్లినాథుడు నిఘంటువును ప్రక్కన పెట్టి సంగీతశాస్త్రమును తెరచును. షడ్జ, మధ్యమ గ్రామములు మనుష్యులు పాడునవి. గాంధారగ్రామము దేవజాతులకు మాత్రమే లభ్యము. ఈమె యక్షాంగన కనుక గాంధారమున పాడగోరినదని వ్యాఖ్యానించెను. మూర్ఛన యనగా ఏడు స్వరముల వరుసయైన ఆరోహణావరోహణము. పాట నేర్చినవానికి వ్రేళ్ళలో నుండవలసినది అది. దానినే మరచినదన్నప్పుడు ఆమె మనస్సు ఎక్కడ నున్నదో పాఠకునికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ తరువాత యక్షుని సందేశములో నాలుగు శ్లోకములు వరుసగా వచ్చును. తీగలలో ఆమె దేహమును, లేడిచూపులో ఆమె చూపును వెదకుట మొదటిది. జేగురు మొదలగు ధాతువుల రంగులతో రాతిమీద అలిగిన ఆమెను చిత్రించి, తాను ఆమె పాదములపై పడినట్లు వ్రాయబోగా కన్నీరు చూపును కప్పివేయుట రెండవది. కలలో ఆమెకై చేతులు చాచుట మూడవది. హిమాలయము నుండి వచ్చు గాలి ఆమెను తాకి యుండునేమో యని దానిని కౌగిలించుకొనుట నాలుగవది. పైపైన చదువువారికి ఇవి నాలుగు విలాపములు. మల్లినాథుడు విరహికి శాస్త్రము చెప్పిన ఉపశమనములు నాలుగని చూపెను: పోలిక గల వస్తువును చూచుట, చిత్రము వ్రాయుట, స్వప్నదర్శనము, ఆమె మేనికి తగిలిన దానిని తాకుట. కవి శ్లోకములు సరిగా ఆ వరుసలోనే యున్నవి. ఇది తెలిసిన పిదప ఆ విలాపములో యక్షుడు ఒక్కొక్క మందును వాడి చూచుటయు, ఏదియు పనిచేయకపోవుటయు కనబడును. వ్యాఖ్యాత కవికి క్రొత్తగా చేర్చినది లేదు. ఉన్నదానిపై దీపము పట్టినాడు.

ఈ నేర్పు కావ్యములకే పరిమితము కాలేదు. విజయనగర దేవరాయల కాలమున వర్తకజాతుల పేర్లను గూర్చి వివాదము పుట్టగా, ఆ పేర్ల అర్థమును విచారించి మల్లినాథుడు వైశ్యవంశసుధార్ణవ మను గ్రంథము వ్రాసెను. శ్లోకములోని మాటకు అర్థము తప్పినచో రసము చెడును. వ్యవహారములోని మాటకు అర్థము తప్పినచో ఒకరి హక్కు పోవును.

ఇంతటివాడును జారిన చోట్లు కలవు. మేఘసందేశపు మొదటి భాగమున నిచుళ, దిఙ్నాగ శబ్దములు గల శ్లోకమునకు ఆయన రెండవ అర్థము చెప్పి, నిచుళుడు కాళిదాసుని సహాధ్యాయి యనియు, దిఙ్నాగుడు ఆయనను దూషించిన ప్రత్యర్థి యనియు వ్రాసెను. దీనికి ఆధార మిది యని చూపలేదు. తన నియమమును తానే మరచిన ఈ నాలుగు పంక్తులను పట్టుకొని, కాళిదాసుని కాలమును నిర్ణయించుటకు ఆధునిక పండితులు ఎన్నో పుటలు నింపిరి.

రెండవది మన ప్రాంతము వారు తప్పక తెలిసికొనవలసినది. పెద్దపల్లి జిల్లాలో, సెంటినరీ కాలనీకి సమీపమున, కోటగోడలతో నున్న రామగిరియే మేఘసందేశములోని రామగిరి యని ఇక్కడి వారి నమ్మకము. ఆషాఢమున ఆ గుట్ట నెత్తిన మబ్బు నిలిచినప్పుడు ఎవరికైనను ఆ నమ్మకము కలుగును. మల్లినాథుడు తెలంగాణము వాడైనను మన గుట్ట పేరెత్తలేదు. రామగిరి యనగా చిత్రకూటమని వ్రాసెను. రాముడు నివసించిన కొండ కనుక అట్లు తోచియుండును. కాని కవి చెప్పిన దారియే దీనికి అడ్డము వచ్చుచున్నది. మేఘము రామగిరి విడిచి ఉత్తరమునకు పోవుచు, ఆమ్రకూటము దాటిన పిదప నర్మదను చూచును. చిత్రకూటము నర్మదకు ఉత్తరమున నున్నది. అక్కడి నుండి బయలుదేరి ఉత్తరమునకే పోవు మేఘమునకు నర్మద కనబడదు. నాగపురము దగ్గరి రాంటెక్ కొండయే రామగిరి యని మిరాశీ మొదలగు పండితులు వాదించిరి. వాకాటక రాణి ప్రభావతీగుప్త తామ్రశాసనమొకటి రామగిరిస్వామి పాదమూలము నుండి వెలువడినది. అదియు వారి పక్షమునకు బలము. మన రామగిరియు నర్మదకు దక్షిణముననే యున్నది గాని, దానికి అట్టి శాసనసాక్ష్యము లేదు. గుట్టపై గల అభిమానము వేరు, పాఠముపై గల విచారణ వేరు. మల్లినాథుని నియమముతోనే మల్లినాథుని తూచినప్పుడు ఇచ్చట ఆయన తూకము తగ్గినది. మన తూకమును తగ్గినది.

ఆయన విద్య ఇంటనే నిలిచినది. కుమారుడు కుమారస్వామి, విద్యానాథుని ప్రతాపరుద్రీయమునకు రత్నాపణ మను వ్యాఖ్య వ్రాసెను. ఓరుగంటి ప్రభువును కీర్తించిన ఆ గ్రంథము నేడు చదువదగినదై యున్నదన్న, అందులో ఆ కుమారుని పాలు కొంత కలదు.

ముద్రణ వచ్చిన పిదప బొంబాయి నిర్ణయసాగర ముద్రణాలయము వారు నాగరలిపిలోను, 1854లో స్థాపింపబడిన చెన్నపురి వావిళ్ళ వారు తెలుగులిపిలోను ఈ కావ్యములను మల్లినాథుని వ్యాఖ్యతో అచ్చొత్తించిరి. నాగరలిపి రానివారికిని, పాఠశాలకు పోని వారికిని, పగలు కచ్చేరిలోనో గనిలోనో పని చేసి రాత్రి దీపము ముందర కూర్చున్న వారికిని ఆ తెలుగులిపి ప్రతులు గురువులైనవి. పైన పెద్ద అక్షరములలో శ్లోకము, క్రింద చిన్న అక్షరములలో వ్యాఖ్య. మొదటి సర్గలో చదువరి కన్ను ఎప్పుడును క్రిందనే యుండును. మూడవ నాలుగవ సర్గ వచ్చునప్పటికి పైననే కొంతసేపు నిలుచును.